ఇంటి బడిలో బీజగణితము

గృహిణులమైన మనము బియ్యము కొనునపుడు గుప్పెడు చేతిలోనికి తీసికొని, నూకలెన్ని, రాళ్ళెన్ని, పాతవో క్రొత్తవో చూచి గాని బస్తా ఇంటికి తెప్పించుకొనము. చీర కొనునపుడు నేతను, అంచును, రంగు నిలుచునో పోవునో యను సంగతిని విచారించి గాని డబ్బు చెల్లింపము. కాని ఏడాది పొడవునను బిడ్డ చేతిలో నుండు పుస్తకమును గూర్చి మాత్రము అంతగా విచారింపము. పాఠశాలవారు నిర్ణయింతురు గదా యని ఊరకుందుము. ఆ నిర్ణయము మన నెత్తిన పడినపుడు గాని అందలి కష్టము తెలియదు. అట్టి యవసరము మాకు రెండేండ్ల క్రిందట కలిగినది. పుస్తకమొకటి ఎంచుకొనుటకు మాకైదు మాసములు పట్టినది. అంత కాలమేల పట్టినదో, ఏమి నేర్చుకొంటిమో సోదరీమణులకు విన్నవించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మేము అమెరికా దేశమందు టెక్సాసు రాష్ట్రమున, హ్యూస్టన్ నగరపు శివారున కాపురముందుము. మా వారు ఇంజనీరు పని చేయుదురు. మా అత్తగారు మాతోనే యున్నారు. మాకొక్కతియే ఆడుబిడ్డ. ఆ పిల్ల ఆరవ తరగతి చదువుచుండగా, పాఠశాలవారు ఒక్క పరీక్ష పెట్టి, ఆనాటి మార్కులను బట్టి పిల్లలను లెక్కలలో రెండు పంక్తులుగా విడదీసిరి. మా అమ్మాయి మెల్లగా నడచు పంక్తిలో పడినది. అందులకు మేమంత చింతింపలేదు. ఆ పిల్ల నోట వచ్చిన మాటకు చింతించితిమి. “నాకు లెక్కలు రావమ్మా, నేనటువంటి పిల్లను కాను” అని ప్రతిదినమును అనసాగినది. లెక్క తప్పినచో దిద్దవచ్చును. పండ్రెండేండ్ల పిల్ల తన్ను గూర్చి తాను వ్రాసికొన్న తీర్పును దిద్దుట సులభము గాదు. ఆ తీర్పు గట్టిపడక ముందే పిల్లను ఇంట కూర్చుండబెట్టుకొని చదివింపవలెనని నిశ్చయించుకొంటిమి.

ఈ రాష్ట్రమున బిడ్డను ఇంటనే చదివించుకొనుట చట్టసమ్మతము. 1994వ సంవత్సరమున టెక్సాసు సర్వోన్నత న్యాయస్థానము లీపర్ వ్యాజ్యెములో, ఇంటి బడియు ఒక ప్రైవేటు పాఠశాల వంటిదేయని తీర్పు చెప్పినది. చదువుట, వర్ణక్రమము, వ్యాకరణము, గణితము, పౌరధర్మము అను అయిదు విషయములను పాఠ్యక్రమము ననుసరించి నిజముగా నేర్పవలెనన్నదే నిబంధన. ఏ పుస్తకము పెట్టవలెనో ప్రభుత్వము చెప్పదు. ఇది గొప్ప స్వేచ్ఛయే. కాని స్వేచ్ఛ వెంటనే బాధ్యతయు వచ్చును గదా! పుస్తకము చెడ్డదైనచో పాఠశాలను నిందించు వీలు మనకుండదు.

ఇచ్చటి గణితవిద్య మెట్లు మెట్లుగా నుండును. మొదటి బీజగణితము, రేఖాగణితము, రెండవ బీజగణితము, కలనగణితమునకు పూర్వపాఠము, అటుపిమ్మట కలనగణితము: ఇవి సాధారణముగా ఏడాదికొకటి చొప్పున సాగును. పండ్రెండవ తరగతిలో కలనగణితము చదువదలచిన పిల్ల ఎనిమిదవ తరగతిలోనే మొదటి మెట్టు ఎక్కవలెను. ఈ లెక్క తెలిసిన బంధువులు ఫోనులో మమ్ము తొందరపెట్టిరి. “ఇప్పుడు వెనుకబడినచో ఇంజనీరింగు చదువునకు దారి మూసికొనిపోవును” అని యొకరు, “ఇల్లాలు ఇంట నేర్పు చదువు కాదది” అని యొకరు. పెద్దలలోనే యీ విషయమున ఏకాభిప్రాయము లేదు. శాన్‌ఫ్రాన్సిస్కో నగరపు పాఠశాలలు 2014లో ఎనిమిదవ తరగతి నుండి బీజగణితమును తీసివేసి తొమ్మిదవ తరగతికి మార్చినవి. 2024 మార్చిలో ఆ నగరపు ఓటర్లు అది మరల ఎనిమిదవ తరగతికి రావలెనని కోరుచు ఓటు వేసిరి. ఒక మహానగరమే పదేండ్లు ఊగిసలాడిన చోట, మేము పరుగు మాని, పిల్ల సిద్ధముగా నున్నదా లేదా యని చూచుట మేలని తలంచితిమి.

సిద్ధముగా నుండుట యననేమి? మేము చదివిన దానిని బట్టియు, పిల్ల ప్రక్కన కూర్చుండి చూచిన దానిని బట్టియు మూడు సంగతులు తేలినవి. మొదటిది సమానచిహ్నము. 7 + 5 = ? + 4 అని వ్రాసి ఖాళీ నింపుమంటిమి. పిల్ల తడవుకొనక 12 అని నింపినది. సరియైన జవాబు 8. తప్పు కూడికలో లేదు. సమానచిహ్నమనగా “ఇక జవాబు చెప్పుము” అను ఆజ్ఞయని పిల్ల తలంచినది; “ఈ ప్రక్కయు ఆ ప్రక్కయు సరితూగవలెను” అని తలంపలేదు. బీజగణితమంతయు ఈ రెండవ యర్థము మీదనే నిలిచియున్నది. 1557లో రాబర్టు రికార్డు అను నాంగ్ల పండితుడు ఈ గుర్తును మొదట అచ్చు వేయించినపుడు, ఒకే పొడవు గల రెండు సమానాంతర రేఖల కన్న సమానమైన వస్తువులు వేరే యుండవు గనుక వానిని ఎన్నుకొంటినని చెప్పెను. మేము తక్కెడ యొకటి తెప్పించి, పప్పు పొట్లములను అటునిటు పెట్టి, ఒక ప్రక్క తీసినంత రెండవ ప్రక్కయు తీయవలెనని వారము దినములు ఆడించితిమి.

రెండవది భిన్నములు. 2008లో అమెరికా దేశపు జాతీయ గణిత సలహా సంఘము వారు తమ నివేదికలో, బీజగణితమునకు పునాది యనదగిన వానిలో భిన్నములు ముఖ్యమనియు, పిల్లలు ఇచ్చటనే బలహీనులై యున్నారనియు వ్రాసిరి. వంటిల్లున్న ఇంట భిన్నములకు కొదువ యేమి? మూడు పాళ్ళ బియ్యమునకు ఒక పాలు మినపప్పు వేసి అట్లకు నానబోయుదుము. బియ్యము రెండుంబావు గిన్నెలే యున్నచో పప్పెంత? ముప్పావు గిన్నె. మొదట కొలిచి, పిమ్మట కాగితము మీద చేసి, ఆ రెండును ఒకటియే యగుట పిల్ల తన కన్నులతో చూచినది. ఇట్లు మూడు మాసములు జరిగినవి.

మూడవది ఋణసంఖ్యలు. ఇచ్చట మన భాషయే మాకు తోడ్పడినది. క్రీస్తు శకము 628లో బ్రహ్మగుప్తుడు రచించిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమున ధనమునకును, ఋణమునకును, సున్నకును నియమములు చెప్పబడియున్నవి. ధనమనగా సొమ్ము, ఋణమనగా అప్పు. ఇంగ్లీషు మాటలో ఈ చిత్రము లేదు. తెలుగు మాట వినగానే అర్థము తోచును. “ఋణము నుండి ఋణమును తీసివేసిన ధనమేల పెరుగును?” అని పిల్ల యడుగగా, “నీవు నాన్నకు 5 డాలర్లు బాకీ. ఆయన ఆ బాకీ కొట్టివేసినచో నీ స్థితి మెరుగుపడినట్లా, చెడినట్లా?” అని మా అత్తగారు కూరగాయలు తరుగుచునే యడిగిరి. ఆ సందేహము ఆనాటితో తీరినది.

అంతట పుస్తకములను చూడ మొదలిడితిమి. ఈ దేశమున ఇంటి బడులు పెట్టుకొన్నవారు ఎక్కువగా వాడు పుస్తకములను, మా ఇంటనున్న పాతదొకదానిని కలిపి అయిదింటిని, ఒక కంప్యూటరు పాఠమును బల్ల మీద పెట్టుకొంటిమి.

మొదటిది జాన్ సాక్సన్ గారిది. ఆయన వైమానిక దళమున పని చేసి విరమించి, ఓక్లహోమా రాష్ట్రమున కళాశాలలో పాఠములు చెప్పుచు, విద్యార్థులు నేర్చినది మరచిపోవుట చూచి ఈ పుస్తకమును వ్రాసెను. ఒక విషయమును చిన్న చిన్న ముక్కలు చేసి, దినమునకొక ముక్క చెప్పి, ప్రతి పాఠమునకును సుమారు 30 లెక్కలిచ్చును. అందులో క్రొత్తవి కొన్నియే. తక్కినవన్నియు పాత పాఠములవి. కాబట్టి నేర్చినది తుప్పు పట్టదు. కాని యేకబిగిని చదివినపుడు విషయమంతయు ముక్కలుగానే కనబడి, వాని నడుమ సంబంధము కనబడుట కష్టము.

రెండవది రిచర్డ్ రస్‌జిక్ గారి బీజగణిత ప్రవేశిక. ఇది ‘ఆర్ట్ ఆఫ్ ప్రాబ్లం సాల్వింగ్’ వారి ప్రచురణ. ఇందులో నియమము ముందుగా చెప్పరు. ముందు సమస్యనిచ్చి, పిల్లను పెనుగులాడనిచ్చి, పిమ్మట దానిని విప్పి చూపుదురు. గణితమున ఆసక్తియు, ఓర్పును గల పిల్లలకిది విందుభోజనము. జంకు గల పిల్లలకు మొదటి ముద్దయే గొంతున పడును.

మూడవది హెరాల్డ్ జేకబ్స్ గారి ప్రాథమిక బీజగణితము. 1979లో మొదట వెలువడినది. కథలు, హాస్యచిత్రములు, నిత్యజీవితపు వింతలతో ప్రతి పాఠమును మొదలిడి, నియమము ఎట్లు పుట్టినదో మాటలలో చెప్పి, పిమ్మట లెక్కలిచ్చును. ప్రతి పాఠమునందును వెనుకటి వాని పునశ్చరణ కొంత, కడపట ఆలోచింపవలసిన లెక్క యొకటి యుండును.

నాలుగవది పాల్ ఫోర్స్టర్ గారిది. ఆయన మా రాష్ట్రమందే శాన్ ఆంటోనియో నగరపు ఉన్నత పాఠశాలలో దశాబ్దములు బోధించిన వారు. మాటలతో చెప్పిన సమస్యను సమీకరణముగా మార్చుట యందు ఈ పుస్తకమునకు మంచి పేరు. కాని పాఠములు క్లుప్తములు. ప్రక్కన నొకరు కూర్చుండి చెప్పవలెను.

అయిదవది హాల్, నైట్ అనువారి పుస్తకము. 1885లో ఇంగ్లండున అచ్చయి, మన దేశపు పాఠశాలలలో తరతరములు చదివినది. మా మామగారి ప్రతి, పసుపువన్నెకు తిరిగిన పుటలతో, మా వారి పెట్టెలో సముద్రము దాటి వచ్చినది. అభ్యాసములు కొల్లలు, వివరణము స్వల్పము. ఇక కంప్యూటరు పాఠములలో ఖాన్ అకాడమీ వారివి ఉచితములు, స్పష్టములు. అయితే తెర మీద చూచుచు తల యూపిన పిల్ల, ఖాళీ కాగితము ముందు పెట్టినపుడు కలము కదపలేకపోవుట మేము కన్నులార చూచితిమి. చూచుట వేరు, చేయుట వేరు.

పుస్తకముల అట్టలను, ఇతరుల పొగడ్తలను చూచి యెంచుకొనరాదని మేమొక పద్ధతి పెట్టుకొంటిమి. నాలుగు క్రొత్త పుస్తకముల నుండియు ఒకే విషయమును, అనగా బ్రాకెట్లతో కూడిన సమీకరణమును, వారమునకొక పుస్తకము చొప్పున పిల్లచే చదివించితిమి. మూడు ప్రశ్నలకు జవాబు చూచుకొంటిమి. పిల్ల తనంతట తాను చదివి గ్రహింపగలిగినదా? పది దినముల పిమ్మట అడిగిన జ్ఞాపకమున్నదా? “ఏల?” అని యడిగిన తన మాటలతో చెప్పగలిగినదా?

పుస్తకములలో తెలియని రాశికి ‘ఎక్స్’ అను అక్షరము వ్రాయుదురు. మన పూర్వులు ‘యావత్తావత్’ అనిరి. ఎంతయో అంత యని యర్థము. క్లుప్తముగా ‘యా’ అని వ్రాసిరి. అవ్యక్తరాశులు ఇంకను కావలసినచో కాలకము, నీలకము, పీతకము అని రంగుల పేర్లు పెట్టిరి. ఇచ్చట మేమును ‘యా’ అనియే వ్రాయుదుము.

3(యా − 2) = 12 అను లెక్కను సాక్సన్ గారి వారమున పిల్ల తప్పు లేకుండ చేసినది. జవాబు 6. కాని “3ను లోపలి రెంటికిని ఏల గుణించితివి?” అన్నచో, “అట్లు చేయుమన్నారు” అని ఊరకున్నది. రస్‌జిక్ గారి వారమున మొదటి దినము నలుబది నిమిషములు పెనుగులాడి ఒక సమస్యను తానే సాధించి గంతులు వేసినది; మరునాడు మూడు లెక్కలు వరుసగా రాక, పుస్తకము మూసి గదిలోనికి పోయి తలుపు వేసికొన్నది. జేకబ్స్ గారి వారమున బొమ్మలు చూచి నవ్వుచు, మేము పిలువక ముందే తరువాతి పాఠము చదివినది. ఫోర్స్టర్ గారి వారమున సమస్యలు నచ్చినవి గాని, పాఠము మేము చెప్పిన గాని తెలియలేదు.

ఇంత చేసినను ఇంట ఏకాభిప్రాయము కుదురలేదు. “కష్టపడనిదే బుద్ధి పదునెక్కదు, రస్‌జిక్ గారి పుస్తకమే కావలెను” అని మా వారు. “పిల్ల ధైర్యము మొదట నిలువవలెను, అభ్యాసము బాగుగా నున్న సాక్సన్ గారిది భద్రము” అని మా పక్షము. రెండు దినములు భోజనముల వేళ ఇదే ప్రసంగము. పిల్ల వినుచునే యున్నది. తన పుస్తకమును గూర్చి వాదన జరుగుచుండగా తాను దోషిగా నిలువబడినట్లు దాని ముఖము చిన్నబోవుట చూచి ఆ మాటలు మానితిమి.

ఆ వారముననే మా అత్తగారు ఒక పొడుపులెక్క వేసిరి. ఆమె గుంటూరు జిల్లాలో నొక పల్లెయందు పుట్టి, అయిదవ తరగతితో చదువు మాన్పింపబడిన వారు. లెక్క యిది: కొంగల గుంపొకటి ఎగిరిపోవుచుండగా చెట్టు మీది కొంగ “మీరు నూరుగురా?” యని యడిగినదట. “కాము. మేమును, మాయంత మందియు, మాలో సగమును, ఆ సగములో సగమును, నీవును కలసిన నూరగును” అని జవాబు వచ్చినదట. కొంగలెన్ని?

పిల్ల కాగితము తీసికొని యా + యా + యా/2 + యా/4 + 1 = 100 అని వ్రాసినది. ఒకటిని తీసివేసి, రెండు ప్రక్కలను 4 చేత గుణించి, 11 యా = 396 అని తెచ్చి, 36 అని చెప్పినది. మా అత్తగారు అప్పటికే జవాబు చెప్పి బియ్యము చెరుగుచున్నారు. “ఎట్లు చేసితివి నాన్నమ్మా?” అని పిల్ల ఆశ్చర్యపడినది. “నాలుగు కొంగలనుకొంటిని తల్లీ. నాలుగు, నాలుగు, రెండు, ఒకటి: పదునొకండు. కావలసినవి తొంబదితొమ్మిది. పదునొకండ్లు తొమ్మిది. కనుక నాలుగు తొమ్మిదులు ముప్పదియారు” అని ఆమె చెప్పిరి. ఇష్టము వచ్చిన సంఖ్యను మొదట ఊహించుకొని, పిమ్మట సరిచేసికొను ఈ పద్ధతికి భాస్కరాచార్యులవారి లీలావతిలో ఇష్టకర్మయని పేరు. ఆ పేరు మా అత్తగారెన్నడును వినలేదు; తమ తల్లి యొద్ద నేర్చుకొనిరి.

పిల్ల తన కాగితమును మరల చూచుకొని, “నా లెక్కలోను పదునొకండే వచ్చినది” అన్నది. ఆ మాటతో మాకు విషయము విశదమైనది. నాన్నమ్మ నోట చేసినదియు, తాను అక్షరము పెట్టి చేసినదియు ఒకే యాలోచన. బీజగణితము ఎచ్చటినుండియో ఊడిపడిన మంత్రము గాదు. ఆలోచనను వ్రాసిపెట్టుకొను పద్ధతి. ఇంకొక లెక్క మేమే వేసితిమి. సామాను మోయు బండికి ఒకడు 20 డాలర్లును మైలుకు 3 చొప్పునను అడుగును. రెండవవాడు 8 డాలర్లును మైలుకు 5 చొప్పునను అడుగును. ఎన్ని మైళ్ళకు ఇద్దరి కూలియు సమానమగును? “మొదట తేడా పండ్రెండు. మైలుకు రెండు చొప్పున తరుగును. కనుక ఆరు” అని మా అత్తగారు. 20 + 3యా = 8 + 5యా అని వ్రాసి, రెండు ప్రక్కల నుండి 3యా తీసివేసి, 8ని తీసివేసి, 12 = 2యా అని తెచ్చి, “నాన్నమ్మ చెప్పిన పండ్రెండును, రెండును ఇవిగో!” అని పిల్ల వ్రేలు పెట్టి చూపినది. ఆ పూట పిల్ల కంఠమున జంకు లేదు.

అప్పుడు పుస్తకము తేలిపోయినది. మా పిల్లకు కావలసినది నియమమునకు ముందు కారణమును మాటలలో చెప్పు పుస్తకము. ఒకరి సాయము లేక తాను చదువుకొనగల పుస్తకము. అందుచే జేకబ్స్ గారిని ముఖ్యగ్రంథముగా పెట్టుకొంటిమి. తక్కినవానిని పారవేయలేదు. సాక్సన్ గారి నుండి పద్ధతిని మాత్రము గ్రహించి, దినమునకు పది పాత లెక్కలను కలగాపులగముగా ఏర్చి ఇచ్చుచుంటిమి. శుక్రవారము ఫోర్స్టర్ గారి మాటల సమస్యలు నాలుగు. రస్‌జిక్ గారి సమస్య నొకదానిని ఆదివారమునాడు ఫ్రిజ్ తలుపునకు అంటింతుము. వారమంతయు ఇంటిల్లిపాదియు దానితో కుస్తీ పట్టవచ్చును. ఎవరికిని గడువు లేదు, మార్కులు లేవు. మా వారు ఒక్కొక వారము గురువారము వరకును తేల్చుకొనలేకపోవుట కలదు. ఇంజనీరైన తండ్రియు ఒక లెక్క ముందు తల గోకుకొనుట చూచుట బిడ్డకు మేము చేయగల యే ఉపదేశము కన్నను మంచి మందైనది. హాల్, నైట్ పుస్తకము పూజాగదిలో నున్నది. గుణకముల అభ్యాసము చాలనపుడు దిగివచ్చును.

నేర్పువారి సంగతియు చెప్పవలెను. మేము కళాశాలలో తెలుగు చదివినవారము. పదవ తరగతి పిమ్మట సమీకరణము ముట్టలేదు. రాత్రి పనులు తీరిన పిమ్మట మరునాటి పాఠమును మేమే చదివి, లెక్కలు చేసి, జవాబుల పుస్తకముతో సరిచూచుకొని పడుకొందుము. పిల్ల కన్న ఒక్క పాఠము ముందుండిన చాలును. మాకు తెలియనిది వచ్చినపుడు “రేపు చెప్పెదము” అనుటకు సంకోచింపము. లెక్క తప్పినచో “తప్పు” అని కొట్టివేయక, “ఎట్లు చేసితివో చెప్పుము” అని యడుగుదుము. చెప్పుచుండగానే సగము తప్పులను పిల్లయే పట్టుకొనును.

ఇప్పుడు పుస్తకములో మూడు వంతులు ముగిసినవి. వర్గసమీకరణములు మొదలిడితిమి. ఎనిమిదవ తరగతి పిమ్మటి వేసవికి పుస్తకము ముగియవచ్చును. ఒకటి రెండు మాసములు ఆలస్యమైనను విచారము లేదని మా వారును ఒప్పుకొనిరి. భిన్నములనిన పిల్లకు నేటికిని విసుగే. కొన్ని దినములు పుస్తకము విసరివేయుటయు కలదు. కాని “నాకు రావు” అను మాట పోయి, “ఇంకను రాలేదు” అను మాట వచ్చినది. ఒక్క ‘ఇంకను’ అను మాట కొరకు మేము రెండేండ్లు పాటుపడితిమన్నను అతిశయోక్తి గాదు. మా అత్తగారు ‘ఎక్స్’ వ్రాయ నేర్చుకొని, తమ పొడుపులెక్కలను నోటుపుస్తకమున సమీకరణములుగా వ్రాసికొనుచున్నారు. అయిదవ తరగతి దగ్గర ఆగిన చదువు డెబ్బదినాలుగవ యేట ఒక మెట్టు పైకెక్కినది.

మన తెలుగునాట నున్న సోదరీమణులకు ఇంటి బడి యవసరము అంతగా నుండకపోవచ్చును. అయినను లెక్కలకు జంకు పిల్ల ప్రతి వీధిలోను కలదు. అట్టి తల్లులకు మా మనవి నాలుగు మాటలు. పిల్ల చేత 7 + 5 = ? + 4 చేయించి చూడుడు. అది చాల సంగతులు చెప్పును. బీజగణితమునకు ముందు భిన్నములను వంటింట సరిచేయుడు. ట్యూషను పెట్టుటకు ముందు పుస్తకమును మీరొక్క పాఠము చదువుడు; మీకర్థము గాకున్నచో పిల్లకును కాకపోవచ్చును. జాతీయ విద్యాపరిశోధన శిక్షణమండలి వారి పాఠ్యపుస్తకములు కంప్యూటరులో ఉచితముగా లభించును. ఆరవ తరగతికి 2024లో వెలువడిన గణిత ప్రకాశ్ అను క్రొత్త పుస్తకమును పాతదానితో పోల్చి చూచుకొనవచ్చును. ఇంటనే చదివింపదలచిన వారికి జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ 1989 నుండియు కలదు. దాని ద్వారా పదవ తరగతికి సమానమైన పరీక్ష వ్రాయవచ్చును.

కడపటిది: ఒక యింట మేలు చేసిన పుస్తకము ప్రక్కయింటను మేలు చేయవలెనను నియమము లేదు. మా యెంపికను మీరనుసరింపవలెనని మేము కోరము. ఓర్పు గల పిల్లకు రస్‌జిక్ గారిది, మరపు గల పిల్లకు సాక్సన్ గారిది తగియుండవచ్చును. బియ్యము గుప్పెట పట్టి చూచినట్లే పుస్తకమును బిడ్డ చేతికిచ్చి పది దినములు చూడుడు. పుస్తకమును పిల్లకు తగినట్లు ఎంచవలెను గాని, పిల్లను పుస్తకమునకు తగినట్లు నరుకరాదు. మీ పరీక్షలో తేలిన సంగతులను ఈ పత్రికకు వ్రాసి పంపినచో మావంటి తల్లులనేకులు సంతసింతురు.